పెళ్ళి క్యాసెట్ మూలన కమలం

2023 చలికాలం. మెల్బోర్న్‌కు ఉత్తరాన క్రెయిగీబర్న్‌లో, ఒక కబాబు కొట్టుకూ పన్నుల లెక్కలు చూసే ఆఫీసుకూ మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది నా దుకాణం. బోర్డు మీద ‘ఫోన్ రిపేర్లు’ అని పెద్దక్షరాల్లోనూ, ‘పాత వీడియో క్యాసెట్లు డిజిటల్‌లోకి మార్చబడును’ అని చిన్నక్షరాల్లోనూ రాయించాను. ఇల్లు గడిచేది పెద్దక్షరాలతో. నేను ప్రాణం పెట్టేది చిన్నక్షరాల మీద.

నా పేరు మస్తాన్. మాది తెనాలి. ఈ దేశం రాకముందు తెనాలిలోనూ, తరవాత విజయవాడలోనూ పెళ్ళి వీడియోల మిక్సింగ్ యూనిట్లలో పనిచేశాను. మిక్సింగ్ అంటే కెమెరామన్ పెళ్ళిలో తీసుకొచ్చిన క్యాసెట్లలోంచి అక్కర్లేని ముక్కలు తీసేసి, పాటలు కలిపి, హంగులు అద్ది, ఇంటికిచ్చే క్యాసెట్ తయారుచెయ్యడం. పెళ్ళికూతురి మొహం గులాబీలోంచి విచ్చుకుంటూ రావడం, అరటి తోటలో నడుస్తున్న పెళ్ళికొడుకు ఉన్నట్టుండి మంచుకొండల ముందు తేలడం, వైరు కూడా లేని ఫోను చెవికి ఆనించుకుని సిగ్గుపడుతూ మాట్లాడడం, ఇవన్నీ మా చేతుల మీద జరిగినవే. ఆ గులాబీలో తమ పిల్ల మొహం పెట్టించుకోవాలని మా యూనిట్ మెట్ల మీద జనం గంటల తరబడి కూర్చునేవారు.

ఇప్పుడు అదే గులాబీని చూసి జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. పాత రోజుల ముచ్చట్లు పంచుకునే పేజీలు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో లెక్కలేనన్ని ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకు ఆ పేజీలంటే పిచ్చి. డాబా మీద యాంటెనా తిప్పుతూ ‘వచ్చిందా’ అని అరిచే మామయ్యలు, గోళీ సోడాలు, ఊళ్ళ వింత చరిత్రలు, ఏదొచ్చినా ఆపి చూస్తాను. పెళ్ళి వీడియోల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు చుర్రుమంటుంది. ‘ఈ ఎడిటర్‌ను ఎవరు కన్నారో’ అని ఒకడు రాస్తాడు. కింద వందమంది పళ్ళికిలిస్తారు.

“వాళ్ళు నవ్వేది నిన్ను చూసి కాదు, వాళ్ళ అమ్మానాన్నల్ని చూసి. నీకెందుకు మంట?” అంటుంది మా ఆవిడ షమీమ్.

“నా పని చూసి నవ్వితే నన్ను చూసి నవ్వినట్టే,” అంటాను నేను.

ఆ చలికాలంలోనే ఒక క్లిప్ వచ్చింది. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు సరదాగా నడిపే ఒక పేజీలో పెట్టారు. ఇంటి ముందు తాటాకుల పందిరి, పీటల మీద వధూవరులు, చెవులు చిల్లులు పడేలా సినిమా పాట. సరిగ్గా ముహూర్తం వేళకు తెర కుడి మూలన ఒక పెద్ద గులాబీరంగు కమలం విచ్చుకుంటుంది. విచ్చుకుని, అక్కడే కూర్చుంటుంది. తాళి కట్టడం, మూడు ముళ్ళు పడడం, తలంబ్రాలకు సిద్ధం కావడం, అంతా అయ్యేదాకా కదలదు. తరవాత మెల్లగా ముడుచుకుని మాయమవుతుంది. పైన రాసిన మాట: ‘పిలవని పెళ్ళికి వచ్చిన కమలం ఆంటీ’.

ఇక చూసుకోండి. కమలాన్ని కత్తిరించి ప్రపంచమంతా తిప్పారు. ఫుట్‌బాల్ గ్రౌండులో గోల్ స్తంభం పక్కన కమలం. బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీల మధ్య కమలం. యూనివర్సిటీ క్లాసులో ఆఖరి బెంచీ మీద, రైలు మిస్సయినట్టు ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కమలం. ‘ఆంటీ భోజనం చేసే వెళ్తారట’ అని ఒకరు, ‘వియ్యపురాలి తరపు మనిషి, లేపితే గొడవ’ అని ఇంకొకరు. రైలు దగ్గర నాకూ నవ్వాగలేదు.

రెండోసారి చూసినప్పుడు నవ్వు రాలేదు. నాలో పాత మిక్సింగ్ మనిషి లేచి కూర్చున్నాడు. మా పనిలో పువ్వు అలా కూర్చోదు. వస్తుంది, ఒక మొహం చూపిస్తుంది, పోతుంది. పువ్వు ఒకేచోట పాతుకుపోయిందంటే అర్థం ఒకటే, దాని వెనక ఏదో ఉంది, అది కనబడకూడదని ఎవరో చెప్పారు. నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దమనిషి కావచ్చు, దండెం మీద ఆరేసిన లుంగీ కావచ్చు, పెళ్ళిలో అలిగి పోట్లాడుతున్న చుట్టం కావచ్చు. క్యాసెట్ ఇంటికి వెళ్ళే ముందు పెద్దలెవరో యూనిట్‌కి వచ్చి చూసి, ‘ఇక్కడ కాస్త కప్పెయ్యవయ్యా’ అనేవారు. మేం కప్పేవాళ్ళం.

ఊరుకోలేక కింద ఒక మాట రాశాను. ‘పువ్వు పనీపాటా లేకుండా కూర్చోదు. దాని వెనకాల ఎవరో ఉన్నారు. ఒకప్పటి మిక్సింగ్ మనిషిని చెబుతున్నా.’

దాని మీద కూడా జోకులే. ‘అంకుల్ డిటెక్టివ్ ఏజెన్సీ’ అన్నారు. ‘వెనకాల బిర్యానీ డేగిసా ఉంది, నా మాట నమ్మండి’ అన్నారు. ఆ సాయంత్రం ఒక మెసేజ్ వచ్చింది. అన్విత అనే అమ్మాయి. ‘అంకుల్, ఆ క్లిప్ పోస్ట్ చేసింది నేనే. అది మా అమ్మ పెళ్ళి. మీ కామెంట్ అమ్మకి చూపించాను. షీ వెంట్ వెరీ క్వయట్. మీ ప్రొఫైల్‌లో షాప్ అడ్రస్ చూశాను. మేం సాటర్డే రావచ్చా?’

శనివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వచ్చారు. అన్విత యూనివర్సిటీలో చదువుతోంది, చేతులు జేబుల్లో పెట్టుకుని తప్పు చేసినదానిలా నిలబడింది. తల్లి పేరు శారద, యాభై దగ్గర్లో ఉంటుంది, సిటీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. గుడివాడ వైపు మనిషి. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

“అందరూ నా పెళ్ళి చూసి నవ్వుతున్నారండీ. మా ఆఫీసులో ఒక తెలుగబ్బాయి నాకే పంపించాడు. ‘అక్కా ఇది చూడండి, నవ్వలేక చస్తారు’ అని. పీటల మీద ఉన్నది నేనేనని వాడికి తెలీదు.”

“అమ్మా, ఐ సెడ్ సారీ,” అంది అన్విత. “వాళ్ళు నిన్ను చూసి నవ్వట్లేదు, లోటస్‌ని చూసి నవ్వుతున్నారు. ఎవ్రీవన్ లవ్స్ ఇట్.”

“నీ లవ్వు సంగతి తర్వాత చూద్దాం.”

నేను మధ్యలో వెళ్ళి ఒకటే అడిగాను. “అమ్మా, పందిట్లో ఆ మూలన ఏముండేది?”

శారద గారు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“వంటింటి తలుపండీ,” అంది. “పెళ్ళి మా ఇంటి దగ్గరే చేశారు. నేను ఇంటర్‌లో ఉండగానే నాన్న పోయారు. కన్యాదానం పెదనాన్న, పెద్దమ్మ చేశారు. అమ్మని ముహూర్తానికి బయటికి రావద్దన్నారు. ముత్తయిదువలు తిరిగేచోట నువ్వెందుకు, లోపల పని చూసుకో అన్నారు. అమ్మ స్కూల్లో టీచరండీ. ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించింది. అలాంటి మనిషిని వంటింట్లో ఉండమన్నారు.”

తరవాతి సంగతి ఆమె నేల చూస్తూ చెప్పింది. పెళ్ళికూతుర్ని చేస్తున్నప్పుడు అమ్మను పట్టుకుని బయటికి రమ్మని బతిమాలిందట. ‘నువ్వెళ్ళి పీటల మీద కూర్చో, నేను చూస్తాలే’ అందట తల్లి. ఆ తలుపు శారద గారికి కాస్త వెనగ్గా, పక్కన ఉంది. ఒకసారి తల తిప్పబోతే పెద్దమ్మ భుజం నొక్కి ముందుకు చూడమంది. అంతా అయ్యాక అడిగితే తల్లి ‘చూశాన్లే’ అంది.

“నేను నమ్మలేదండీ. నాకోసం కూడా బయటికి రాలేకపోయింది, ఇప్పుడు నన్ను ఊరుకోబెట్టడానికి చూశానంటోంది అనుకున్నా. చాలా ఏళ్ళు ఆ కోపం పెట్టుకున్నా. ఇక్కడికొచ్చాక ఫోన్లో కూడా పొడిపొడిగానే మాట్లాడేదాన్ని. ఆవిడ పోయే ముందు హాస్పిటల్లో మళ్ళీ అడిగాను. ‘చూశానే పిచ్చిదానా’ అంది. అప్పుడూ నమ్మలేదు. మీరేమో పువ్వు వెనక ఎవరో ఉన్నారని రాశారు. ఉన్నారా, లేరా? అది చెప్పండి నాకు.”

నేను క్యాసెట్లు మార్చడం మొదలుపెట్టాక ఎందరో ఎన్నో అడిగారు. రంగు పెంచమన్నారు, గీతలు తీసెయ్యమన్నారు, విడాకులు తీసుకున్న మొగుణ్ణి కత్తిరించమన్నారు. ఇలాంటిది మాత్రం ఎవరూ అడగలేదు.

“ఏఐతో లోటస్ తీసెయ్యలేమా అంకుల్?” అంది అన్విత.

“తీసెయ్యొచ్చమ్మా. అది ఆ ఖాళీలో ఏదో ఒక మొహం గీసి పెడుతుంది. మీ అమ్మమ్మ మొహం మాత్రం కాదు. మిక్సింగ్‌లో పువ్వు వేశాక కింది బొమ్మ ఉండదు, పోయినట్టే.”

శారద గారి మొహం వాడిపోయింది. నేను చెప్పడం ఇంకా పూర్తికాలేదు. ఆ క్లిప్ ఎందులోంచి తీశారని అడిగాను. ఎప్పుడో గుడివాడలో ఎవరిచేతో చేయించిన డీవీడీ అన్నారు. అసలు క్యాసెట్ ఏదన్నాను. గరాజ్‌లో పాత సూట్‌కేసులో ఉందని, రేపో మాపో హార్డ్ రబ్బిష్‌లో పడెయ్యాలనుకుంటున్నామని చెప్పారు. హార్డ్ రబ్బిష్ అంటే ఇంట్లో పనికిరాని పెద్ద సామాను గుమ్మం ముందు గడ్డి మీద పెడితే కౌన్సిల్ లారీ వచ్చి ఎత్తుకుపోవడం.

“దేవుడి దయవల్ల పెట్టలేదు కదా. రేపే తీసుకురండి,” అన్నాను.

మర్నాడు తెచ్చారు. డబ్బా తెరిస్తే టేపు అంచు పొడుగునా తెల్లగా బూజు. ఇక్కడి చలికి గరాజుల్లో తేమ చేరుతుంది, అది క్యాసెట్లకు విషం. బూజు టేపును అలాగే వీసీఆర్‌లో పెడితే యంత్రమూ చెడుతుంది, టేపూ చిరుగుతుంది. పైగా వెలుతురులోకి ఎత్తి చూస్తే మధ్యలో ఒకచోట టేపు నలిగి మడత పడి ఉంది. అది ఏ చోటో చూడకుండానే చెప్పగలను, తాళి కట్టే చోటు. ప్రతి ఇంట్లోనూ చుట్టాలొచ్చినప్పుడల్లా అక్కడికే తిప్పి, అక్కడే పాజ్ కొట్టి చూపిస్తారు. పాజ్ కొట్టిన ప్రతిసారీ టేపు అక్కడ అరుగుతుంది.

ఆ క్యాసెట్‌లో నాకు ఆశ పుట్టించింది దాని వీపున అంటించిన లేబుల్. మిక్సింగ్ యూనిట్ వాళ్ళు అసలు క్యాసెట్‌కి ఒక రంగు, నకళ్ళకి ఒక రంగు లేబుల్ వేసేవారు. దీని రంగు చూస్తే ఇది పెళ్ళికూతురి ఇంటికిచ్చిన అసలుది కావచ్చనిపించింది. అసలుదైతే దారి ఉంది.

ఆ దారేమిటో చెబుతాను. వీడియో టేపు మీద శబ్దం రెండుచోట్ల ఉంటుంది. టేపు అంచున సన్నని గీతలా ఉండేది నార్మల్ ట్రాక్. బొమ్మ కిందుగా, బొమ్మతోపాటే కలిసి ఉండేది హైఫై ట్రాక్. కొన్ని యూనిట్లలో ముందు కెమెరా శబ్దంతో సహా మొత్తం రికార్డు చేసుకుని, ఆ తరవాత పాట కలపడానికి ఆడియో డబ్ అనే మీట నొక్కేవారు. ఆ మీట నార్మల్ ట్రాక్ మీద శబ్దాన్ని చెరిపి పాట వేస్తుంది. హైఫై ట్రాక్‌ను ముట్టుకోలేదు, ముట్టుకోవాలంటే బొమ్మ కూడా పోతుంది. మన ఇళ్ళల్లో ఉండే మామూలు వీసీఆర్‌కు నార్మల్ ట్రాక్ ఒక్కటే వినబడుతుంది. కాబట్టి ఇంట్లో వాళ్ళకి పాటే వినబడేది, కింద పందిట్లో చప్పుడంతా అలాగే పడుకుని ఉండేది. క్యాసెట్ నకలైతే రెండింటిలోనూ పాటే ఉంటుంది. ఏదన్నది పెట్టి వింటేనే తెలుస్తుంది.

నా దగ్గరున్న హైఫై డెక్, అంటే ఆ ట్రాక్ కూడా చదివే వీసీఆర్, అదీ హార్డ్ రబ్బిష్‌లో దొరికిందే. ఒక ఇటాలియన్ తాతగారు గడ్డి మీద పెడుతుంటే కారాపి అడిగాను. విప్పి, రబ్బర్లు మార్చి, హెడ్లు శుభ్రం చేసి నిలబెట్టాను. ఈ చుట్టుపక్కల అంత మంచి డెక్ ఇంకొకరి దగ్గర ఉంటే చూపించమనండి. నేను నా గురించి తగ్గించి చెప్పుకునే మనిషిని కాను, పని వచ్చు కాబట్టి వచ్చంటాను.

ఆ వారమంతా దుకాణంలో ఫోన్లు రిపేరు చేస్తూనే మధ్య మధ్యలో ఆ క్యాసెట్ పని పట్టాను. తేమ లాగే పొట్లాలతో డబ్బాలో మూసి ఆరబెట్టాను. విప్పి టేపును వేరే డబ్బాలోకి మార్చాను. చేత్తో తిప్పుతూ మెత్తటి గుడ్డతో బూజు తుడిచాను. మడతను మాత్రం ఎంత సరిచేసినా పూర్తిగా పోలేదు. అక్కడ టేపు ఒకసారి నడుస్తుంది, రెండోసారి నడుస్తుందన్న హామీ నేనివ్వలేను. ఆ మాట శారద గారికి ఫోన్ చేసి చెప్పాను.

“తెగిపోతే?” అంది.

“తెగితే అతికిస్తాను. కానీ అక్కడ మాటలేమైనా ఉంటే అవి పోతాయి. వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను.”

“ఆపొద్దండీ. నేను వచ్చాకే పెట్టండి.”

తరవాతి శనివారం ఇద్దరూ వచ్చారు. ‘కాసేపట్లో వస్తాం’ అని తలుపుకు కాగితం అంటించాను. షమీమ్ ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తెచ్చి, వెళ్ళకుండా మూలన నిలబడిపోయింది. నేను రెండు ట్రాకులూ వేరువేరుగా కంప్యూటర్‌లోకి రికార్డయ్యేలా పెట్టి డెక్ నడిపించాను.

ముందు పేర్లు. గులాబీ. గులాబీలోంచి పాతికేళ్ళు కూడా నిండని శారద. అన్విత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నార్మల్ ట్రాక్‌లో పాట హోరెత్తుతోంది. నేను మీట హైఫై వైపు తిప్పాను.

గుర్రుమని ఒక మోత. ట్రాకింగ్ చక్రం, అంటే టేపు మీద గీతలకూ యంత్రం చదివే చోటుకూ పొత్తు కుదిర్చేది, దాన్ని వెంట్రుకవాసి తిప్పాను. మోత పల్చబడింది. దాని వెనక నుంచి సన్నాయి వచ్చింది. గిన్నెల చప్పుడు, పిల్లాడి ఏడుపు, ‘చెంబు ఎక్కడ పెట్టార్రా’ అని ఎవరిదో కేక. పందిరి మొత్తం లేచి మా దుకాణంలోకి వచ్చేసింది. అసలు క్యాసెట్టే. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఏళ్ళ తరబడి ఆ మెట్ల మీద, ఆ యంత్రాల మధ్య నేర్చుకున్నదంతా దీనికోసమేననిపించింది.

ముహూర్తం దగ్గరపడింది. నలిగిన చోటు మొదలై బొమ్మ మీద తెల్లటి చారలు పరిగెత్తుతున్నాయి. నా వేళ్ళు చక్రం మీదే ఉన్నాయి. మూలన కమలం మొగ్గగా కనబడింది. అది పూర్తిగా విచ్చుకునేలోపు, ఒక్క క్షణం, తలుపు చట్రం మీద ఒక చెయ్యి కనబడింది. గాజుల్లేని చెయ్యి. మణికట్టుకు పెద్ద మగవాళ్ళ వాచీ.

“నాన్న వాచీ,” అంది శారద గారు. “నాన్న పోయాక అమ్మే పెట్టుకునేది.”

పువ్వు మూసేసింది. గొంతులు మాత్రం ఆగలేదు. కెమెరామన్ ఆ తలుపు పక్కనే నిలబడి తీసినట్టున్నాడు, పక్కన మాట్లాడినంత దగ్గరగా వినబడ్డాయి.

“వదినా, మీరు లోపలికి పదండి. పెద్దాయన చూస్తే బాగోదు,” అని ఒక ఆడమనిషి.

“ఇక్కడే నిలబడతానమ్మా. గడప దాటను,” అని ఇంకో గొంతు. నిదానంగా, స్పష్టంగా.

శారద గారు కుర్చీ అంచుకు జరిగింది. గట్టిమేళం మొదలైంది. డోలు, సన్నాయి కలిసి పైకి లేచాయి. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగాడు. చారల మధ్య అతని వేళ్ళు ఆమె మెడ వెనక తడుముకుంటున్నాయి. అప్పుడు ఆ మేళాన్ని మించి, క్లాసు ఆఖరి వరస దాకా వినబడేలా, ఆ గొంతు మళ్ళీ వచ్చింది.

“జడ ఎత్తండమ్మా. ముడి జడలో పడుతోంది.”

తెర మీద ఆడపడుచు చెయ్యి చటుక్కున వెళ్ళి జడ పైకెత్తింది. ముడి పడింది. ఇంకొకటి. ఇంకొకటి. కమలం వెనక నుంచి ఒక పెద్ద ఊపిరి వదలడం వినబడింది. “సరే, అయింది. పదండి, విస్తళ్ళు వేయిద్దాం.”

శారద గారి చెయ్యి తనకు తెలియకుండానే మెడ వెనక్కి వెళ్ళింది. “ఆ మాట నేను విన్నానండీ,” అంది. “ఆ రోజు విన్నాను. పెద్దమ్మ అందనుకున్నా. ఇన్నేళ్ళూ పెద్దమ్మే అందనుకున్నా.” ఇక ఆపుకోలేకపోయింది. షమీమ్ వెళ్ళి పక్కన కూర్చుని వీపు నిమిరింది. నా కళ్ళూ తడిశాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అన్విత కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “అమ్మా, అమ్మమ్మ చూడ్డమే కాదు. షీ వాజ్ రన్నింగ్ ద షో.”

ఏడుపు తగ్గాక శారద గారికి కోపం వచ్చింది. “మా అమ్మ మొహం మీద పువ్వు పెట్టించారండీ మావాళ్ళు. వంటింట్లో ఉంచింది చాలక క్యాసెట్‌లోంచి కూడా తీసేశారు. ఇంత పని పెదనాన్నే చేయించి ఉంటాడు. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేడు.”

ఆ యూనిట్‌లో ఎవడో నాలాంటివాడు, పెద్దమనిషి చెప్పాడు కదా అని పువ్వు వేసి ఉంటాడు. పాట వెయ్యడానికి వాడు ఆ మీట నొక్కింది పని తొందరగా తెమలాలనే కావచ్చు. కింద ఆ తల్లి గొంతు మిగిలిందని వాడికి తెలుసో లేదో నాకు తెలీదు. తెలిసే వదిలేశాడని నేను అనుకుంటాను. మా వృత్తివాళ్ళ మీద నాకా మాత్రం నమ్మకం ఉంది.

వెళ్ళేముందు శారద గారు కూతురితో అంది. “మళ్ళీ పెట్టు అన్వీ. ఆ పేజీలోనే పెట్టు. పాట తీసేసి పెట్టు. నవ్వినవాళ్ళందరూ వినాలి.”

“మీ పేరు రాయనా అంకుల్?” అని అడిగింది అన్విత.

“దుకాణం పేరు కూడా రాయి,” అన్నాను. షమీమ్ నా వైపు ఒక చూపు చూసింది.

అన్విత కింద రెండే మాటలు రాసింది. ‘కమలం ఆంటీ మా అమ్మమ్మ. వాల్యూమ్ పెంచి వినండి.’ మొదట ఎవరూ జోకు వెయ్యలేదు. తరవాత ఒక్కొక్కరే రాయడం మొదలుపెట్టారు. మా అమ్మ కూడా తలుపు చాటునే ఉండిపోయిందని ఒకరు, మా మేనత్త ఫోటోల్లో ఎక్కడా లేదని, ఎందుకో ఇప్పుడర్థమైందని ఇంకొకరు. ఈ దేశంలోనే దూరాన కెల్లీవిల్ నుంచి ఒకాయన, కానింగ్ వేల్ నుంచి ఒకావిడ క్యాసెట్లు పార్సిల్ చేశారు. హైఫై ట్రాక్ విని చెప్పమన్నారు. కొన్నింటిలో పాట తప్ప ఏమీ లేదు, ఆ మాటే చెప్పాను. కొన్నింటిలో ఉంది.

జోకులు ఆగుతాయా, ఆగలేదు. మళ్ళీ వచ్చాయి. కాకపోతే ఈసారి కమలం ఊరికే కూర్చోవడం లేదు. ఎక్కడ ఏ పెళ్ళి వీడియో కనబడినా కింద ఎవరో ఒకరు ఒక పువ్వు పెట్టి ‘జడ ఎత్తండమ్మా’ అని రాస్తున్నారు. చూసి నేనూ నవ్వాను. ఈ నవ్వు నాకు గుచ్చుకోలేదు.

వసంతం వచ్చాక శారద గారు దుకాణానికి వచ్చి ఒక సంగతి చెప్పింది. మెల్బోర్న్‌లోనే వాళ్ళ స్నేహితుల అమ్మాయి పెళ్ళికి వెళ్ళారట. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగగానే వెనక వరసల్లో కుర్రకారంతా ఒక్క గొంతుతో ‘జడ ఎత్తండమ్మా’ అని అరిచారట. పెళ్ళికూతురికి భుజాల దాకా కత్తిరించిన జుట్టు, ఎత్తడానికి జడే లేదు. పురోహితుడితో సహా హాలంతా నవ్వింది.

“అందరికంటే నేనే ఎక్కువ నవ్వానండీ,” అంది శారద గారు. “మా అమ్మని ఒక్క పెళ్ళిలో ముందుకు రానివ్వలేదు. ఇప్పుడు ప్రతి పెళ్ళికీ పిలుస్తున్నారు.”

బోర్డు మార్పించాను. ఇప్పుడు క్యాసెట్ల మాట కూడా పెద్దక్షరాల్లోనే ఉంది. మా వృత్తిని చూసి నవ్వేవాళ్ళతో వాదించడం కూడా మానేశాను. నవ్వుతూ నవ్వుతూనే ఆ పువ్వును అంతమంది కళ్ళ ముందుకు తెచ్చింది వాళ్ళే. వాళ్ళు తేకపోతే ఆ క్యాసెట్ ఈపాటికి లారీ ఎక్కేది.

ఒక్క అలవాటు మాత్రం నాకు ఆ కేసు నుంచే వచ్చింది. ఏ పెళ్ళి క్యాసెట్ చేతికొచ్చినా ముందు బొమ్మ చూడను. తెర ఆపేసి, పాట ఉన్న ట్రాక్ మూసేసి, వట్టి పందిరి చప్పుడు వింటాను. తలుపు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో అప్పుడు తెలుస్తుంది.